దుప్పటి రెండో కొస

అనకాపల్లి,
20 ఫిబ్రవరి 2025

జగదీశు బావకి,

బావా, ఎలా ఉన్నావు? నీకు రాసి నెల దాటిపోయింది, ఏమీ అనుకోకు. అన్నం తింటుంటే రోజూ పొలమారుతోంది, అవి మా అన్నయ్య తిట్లేనని మీ చెల్లి ఖాయం చేసేసింది. ఏం చెయ్యను చెప్పు, సీజను. తెల్లారకుండానే యార్డులోకి బెల్లం బళ్ళు దిగిపోతన్నాయి. కాటా దగ్గర నించున్నానంటే మధ్యాహ్నం దాకా కదలడానికి లేదు. ఫోను తీసి నీకు రాద్దామంటే వేళ్ళనిండా బెల్లం, స్క్రీనంతా జిగురు. ఇప్పుడు దిమ్మలు మోసే కళాసీలు టీకెళ్ళేరు, గబగబా కొట్టేస్తన్నాను. తప్పులుంటే సర్దుకో.

కొత్త చెవి మిషను ఎలా ఉంది? ఫోన్లో ఇంకా కీచుమంటోందా? పోయినసారి నీతో ఫోన్లో మాట్లాడితే మా వీధంతా విన్నాది గాని నువ్వు వినలేదు. మనకి ఇలా రాసుకోడమే బాగు. మీ జయపురంలో ఈసారి బెల్లం ఎలా పోతోంది? ఒడిశా వాళ్ళకి ఎర్ర బెల్లమే ఇష్టం అన్నావు గదా, మంచి సరుకు వచ్చింది, నీ కొట్టుకని పక్కన పెట్టించేను.

అసలు రాయాల్సింది ఇంకోటుంది. మీ చెల్లికి ఆయాసం వస్తోంది. కంగారు పడకు, పూర్తిగా చదువు.

మా ఇంట్లో ఆదివారం దుప్పట్లు ఉతుకుతాం. ఉతికే మిషను కొన్నాను గాని, దుప్పటి అందులో పిండితే నూలు చచ్చిపోతాదని మీ చెల్లి వరహాలక్ష్మి ఒప్పుకోదు. తనో కొస నేనో కొస పట్టుకుని మెలి తిప్పాలి. పెళ్ళయిన దగ్గర్నించీ అది నా ఆదివారం డ్యూటీ. మొన్న సగం తిప్పి తను చెయ్యి వదిలేసింది. తడి దుప్పటి వచ్చి నా మొహానికి ఫెడీమని కొట్టుకుంది. ఎప్పటిలా పడీపడీ నవ్వుతాదనుకున్నాను. నవ్వలేదు. గోడకి జేరబడి గాలి పీల్చుకుంటోంది.

"ఏటే, ఏటయింది?" అన్నాను.

"గేసు. నిన్నటి శనగపప్పు కూర. నువ్వే ఎక్కువ సేయించేవు," అంది.

తప్పు నా మీదకి తోసేసింది గదా, అయితే బాగానే ఉందనుకున్నాను. కాని మేడమెట్లెక్కినా అదే వరస. మా అమ్మాయి సుమశ్రీ ఊరుకోక ఇక్కడే ఆసుపత్రికి తీసుకెళ్ళి గుండెకి స్కాను తీయించింది. పంపింగ్ బాగుందన్నారు. గేసు మందులిచ్చేరు. కాబట్టి భయం లేదు. కళాసీలు వచ్చేసేరు, ఉంటాను.

నీ బావ,
కనకరాజు

*

జయపురం,
22 ఫిబ్రవరి

కనకం బావకి,

ఎర్ర బెల్లం సంగతి తరవాత. నీ ఉత్తరం రెండుసార్లు చదివేను.

నువ్వు బెల్లం దిమ్మని పైరంగు చూసి కొంటావా? కొనవు. చువ్వతో పొడిచి, లోపలి ముక్క తీసి, అరచేతిలో నలిపి, నోట్లో వేసుకుని, అప్పుడు గాని ధర పలకవు. పైకి బంగారంలా ఉండి లోపల పాకంలా ఉన్న దిమ్మలు ఎన్ని తిరగ్గొట్టేవో నేను నీ పక్కన నించుని చూసేను. మరి మా చెల్లి దగ్గరికొచ్చేసరికి పంపింగ్ బాగుందనగానే చెయ్యి కడుక్కున్నావా?

మా అమ్మ నీకు మేనత్తే. ఆయాసం వచ్చినప్పుడు ఆవిడేమందో గుర్తుందా? "గేసురా" అంది. మేము సోడా తెచ్చిచ్చేం. నాలుగు నెలలు సోడాలు తాగి వెళ్ళిపోయింది. లక్ష్మికి మా అమ్మ పోలిక, మొహమే కాదు మొండితనం కూడా.

విశాఖపట్నం తీసుకెళ్ళు. గుండె లోపల ఇంకా వివరంగా చూసే పరీక్షలుంటాయట, ఇక్కడ మందుల కొట్టు త్రినాధరావు చెప్పేడు. సీజను అనకు.

నేను రాలేను. కిందటిసారి వచ్చినప్పుడు చుట్టాలంతా చుట్టూ చేరి మాట్లాడుతుంటే వినపడక అందరికీ నవ్వుతూ తలూపేను. వాళ్ళ పెదనాన్న పోయేడని చెబుతున్న మనిషికి కూడా నవ్వుతూ తలూపేను. ఆ ముఖం మళ్ళీ అక్కడ చూపించలేను. నువ్వే చూడాలి.

జగదీశ్వరరావు

*

అనకాపల్లి,
7 మార్చి

బావా,

నీ ఉత్తరం చదివి రెండ్రోజులు అన్నం సయించలేదు. చెయ్యి కడుక్కున్నావా అంటావా? మీ చెల్లి కడుపులో ఎన్ని ఇడ్లీలు పట్టేయో కూడా తెలిసినవాణ్ణి నేను. సరే, కోపం తరవాత పడతాను, ముందు శుభవార్త.

నిన్న విశాఖపట్నం వెళ్ళొచ్చేం. సుమశ్రీ కూడా వచ్చింది. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. మీ చెల్లిని మాట్లాడించి, బీపీ ఎన్నాళ్ళనించని అడిగి, పాత స్కాను చూసి, "పంపింగ్ సరే, కండరం మెలి ఎలా తిరుగుతోందో చూద్దాం," అంది. మెలి అనేసరికి నేను లేచి నించున్నాను బావా. మా చిన్నాన్నకి పేగు మెలిపడి ఎంత పనయిందో నీకు తెలుసు గదా.

చీకటి గదిలో మీ చెల్లిని ఎడం పక్కకి తిప్పి పడుకోబెట్టేరు. ఛాతీ మీద చల్లటి జిగురు రాసి చిన్న మరచెంబంత పరికరం ఆనించేరు. సూదీ లేదు, మందూ లేదు, అంతా శబ్దంతోనేనట, మన చెవికి అందని శబ్దం. (నీకూ నాకూ ఇందులో తేడా లేదు చూసేవా.) తెరమీద గుండె కనపడింది. బూడిద రంగు, నిండా ఇసక జల్లినట్టు చుక్కలు. ఆ చుక్కలే అసలు సరుకంట. ఏ చుక్క ఎటు జరిగిందో మిషను వెంటబడి పట్టుకుని, గుండె ఏ పక్కకి ఎంత తిరిగిందో కొలుస్తాదంట. మీ చెల్లి మెడ తిప్పి చూసి, "ఓలమ్మ, ఇంత సిన్నదా!" అంది. పరీక్ష చేస్తున్న అమ్మాయి నవ్వాపుకోలేక పరికరం తీసేసింది.

డాక్టరమ్మకి ఏదో అర్జంటు కేసొచ్చి వెళ్ళిపోయింది. రిపోర్టు చేతికిచ్చి, వచ్చే వారం తీసుకుని రమ్మన్నారు. బస్సులో సుమశ్రీ నిద్రపోతుంటే నేను తీసి చదివేను. మెలి తక్కువగా ఉంది అని రాసుంది బావా! పక్కన ఒక హద్దు కూడా వేసేరు, మన యార్డులో నిమ్ముకి వేస్తారే, ఇంతకి మించితే సరుకు చెడినట్టని, అలాగ. మీ చెల్లిది ఆ హద్దుకి బాగా కిందే ఉంది. బీపీ తక్కువుంటే మంచిది, సుగరు తక్కువుంటే మంచిది, నిమ్ము తక్కువుంటే బెల్లం ఏడాది నిలవుంటాది. మెలి తక్కువుందంటే ఇంకేం కావాలి? నిటారు గుండె!

బస్సు దిగ్గానే జీడిపప్పు పాకం కొన్నాను. "నీ గుండెలో మెలికల్లేవే," అంటే మీ చెల్లి, "నాలో ఎప్పుడున్నాయి? ఉన్నవన్నీ మీ ఇంటోళ్ళకే," అంది.

ఇంక మళ్ళీ విశాఖ ఎందుకు, సీజను తగ్గేక చూద్దాం. నీ మనసు కుదుటపడ్డాదా? పడితే నాకో క్షమాపణ రాయి.

కనకరాజు

*

జయపురం,
10 మార్చి

బావా,

క్షమాపణ. ఇదిగో రాసేను, ఫ్రేము కట్టించుకో.

నేనూ మెలి అంటే పేగు లాంటిదే అనుకున్నాను. తక్కువుందని చదివేక రాత్రి హాయిగా పడుకున్నాను. కొట్లో అందరికీ టీ ఇప్పించేను. త్రినాధరావు కూడా, "తక్కువంటే మంచిదే అయ్యుంటుంది," అన్నాడు. వాడు మందులమ్ముతాడు గాని వాడిక్కూడా అంతే తెలుసు.

ఒక మాట. అమ్మ పోయినప్పుడు నేను మీ ఊరి నూకాలమ్మకి మొక్కేను, మా లక్ష్మి గుండె చల్లగా ఉంటే దాని చేత ఘటం ఎత్తిస్తానని. ఇన్నాళ్ళూ వాయిదా వేసేను. ఉగాది ముందొచ్చే ఈ కొత్తమావాస్యకి ఎత్తించు. పసుపు రంగు పట్టుచీర కొన్నాను, లారీ డ్రైవరు సత్తియ్య చేత పంపుతున్నాను. దానికి పసుపు బాగుంటుంది. చిన్నప్పుడు పసుపు గౌనేసుకుని నూతి దగ్గర నాతో పాటు బట్టలు పిండేది. రెండో కొస దానికిస్తే నేను ఎటు తిప్పితే అటే తిప్పేది, ఇద్దరం తిప్పుకుంటూ పోయేవాళ్ళం, బట్టలోంచి చుక్క నీరు రాలేది కాదు. అమ్మ వచ్చి ఇద్దరికీ చెరో దెబ్బ వేసేది.

ఫోటో పంపు.

జగదీశ్వరరావు

*

అనకాపల్లి,
31 మార్చి

బావా,

ఫోటో లేదు. నువ్వు కూర్చుని చదువు. ముందే చెప్పేస్తన్నాను, మీ చెల్లి బాగానే ఉంది, ఇప్పుడే కొంచెం జావ తాగి పడుకుంది.

అమావాస్య నాడు నీ పసుపు చీర కట్టుకుని, నెత్తిన ఘటం పెట్టుకుని ఇంటినించి బయల్దేరింది. అంత అందంగా నేను పెళ్ళిలో కూడా చూళ్ళేదు బావా. డప్పులు, జనం, ఎండ. నేను వెనకాల గొడుగు పట్టుకుని నడుస్తన్నాను. గాజుల దుకాణాల దగ్గరకొచ్చేసరికి నడక నెమ్మదించింది. ఆగమంటే వినలేదు, "అన్నయ్య మొక్కు," అంది. ఇంకాస్త నడిచి ఒక గాజుల బల్లమీద కూలబడిపోయింది. చీరంతా చెమట. పెదాలు రంగు మారేయి. ఘటం మాత్రం కింద పడనివ్వలేదు, రెండు చేతుల్తో ఒళ్ళో పెట్టుకుని, "సుమా, పట్టుకో, పట్టుకో," అంటోంది. సుమశ్రీ ఎత్తుకుని గుడికెళ్ళింది, మొక్కు తీరింది. నేను మీ చెల్లిని కారులో వేసుకుని విశాఖ పరిగెత్తేను.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, నా మొహం చూసి, "వచ్చే వారం రమ్మంటే రాలేదేం?" అంది.

"మెలి తక్కువే ఉంది గదా అని అండి."

ఆవిడ రిపోర్టు బల్లమీద పెట్టింది. తరవాత అడిగింది: "మీ ఇంట్లో తడి దుప్పటి ఎలా పిండుతారు?"

"నేనూ మా ఆవిడా చెరో కొసా పట్టుకుని అండి. నేనటు, తనిటు."

"మెలి సరిగ్గా పడకపోతే?"

"నీళ్ళు దిగవండి."

"గుండె కూడా అంతే. కొట్టుకున్న ప్రతిసారీ పై భాగం ఒక పక్కకి, కింది కొన ఇంకో పక్కకి తిరిగి, రక్తాన్ని పిండి బయటికి పంపుతుంది. మీ ఆవిడ గుండెలో ఆ మెలి సగానికి పడిపోయింది. పంపింగ్ లెక్క ఇంకా బాగానే కనపడుతోంది, కొందరిలో అది పడిపోక ముందే మెలి తగ్గిపోతుంది. అది పట్టుకుందామనే ఈ పరీక్ష రాసేను."

ఆ హద్దు పైహద్దు కాదు బావా. అంతకి తగ్గకూడదని వేసిన హద్దు. నేను నిమ్ము చదివినట్టు చదివేను. మిఠాయి కూడా కొన్నాను.

మీ చెల్లి బీపీ బిళ్ళలు ఒకరోజు వేసుకుని ఒకరోజు మానేస్తోందని అప్పుడు తెలిసింది. "తగ్గింది గదా అని," అంది. ఇద్దరికిద్దరం సరిపోయేం. రక్తపరీక్ష కూడా చేసేరు. ఆ మెలి ఒక్కటే చూసి చెప్పట్లేదని, అన్నీ కలిపి చూసేనని డాక్టరమ్మ అంది. ఇప్పుడైనా వచ్చేరు, మందులు మానకుండా వాడితే తిరిగి పుంజుకునే అవకాశం ఉంది, కాని మాటివ్వలేనంది.

నన్ను తిట్టు. ఈసారి ఏమీ అనుకోను.

కనకరాజు

*

జయపురం,
1 ఏప్రిల్

కనకరాజుకి,

తిట్లు తరవాత. రేపు కారు పంపుతున్నాను, డ్రైవరు నానాజీ. లక్ష్మిని ఎక్కించు. భువనేశ్వర్‌లో పెద్ద ఆసుపత్రి ఉంది, నేను దగ్గరుండి చూపిస్తాను. నీకు యార్డుంది, కాటా ఉంది, చూసుకో. నాకున్న చెల్లి ఒక్కర్తే.

జగదీశ్వరరావు

*

అనకాపల్లి,
3 ఏప్రిల్

జగదీశ్వరరావు గారికి,

బావా అనడం మానేసేవు గనక నేనూ గారూ అంటన్నాను. నాకున్న పెళ్ళాం కూడా ఒక్కర్తే. కొట్టు మూసి ఇంట్లో కూర్చున్నాను, యార్డులో నా బెల్లం పక్కోడు తూస్తన్నాడు. నీ కారు వచ్చింది. మీ చెల్లి ఎక్కదట. ఫోను లాక్కుంటోంది, తను చెబుతాదట, నేను టైపు చెయ్యాలట, ఒక్క ముక్క మార్చకూడదట. ఇదిగో.

"అన్నయ్యా, బాగున్నావా? వదిన బాగుందా? నానాజీకి అన్నం పెట్టేను, పెసరట్లు కట్టిచ్చేను, తిరిగి పంపేత్తన్నాను. నీకు దణ్ణం పెడతాను, నన్ను ఎక్కడికీ లాగకు. ఈ డాక్టరమ్మ మంచిది. నా మాట ఇంటాది.

నువ్వు ఆయన్ని అనకు. ఆయన రాత్రంతా నా ముక్కు దగ్గర సెయ్యెట్టి సూత్తన్నాడు, ఊపిరుందా లేదా అని. ఆ సెయ్యి బెల్లం వాసన, నాకు నిద్ర పట్టదు. నీ మొక్కు, ఆయన మిఠాయి, నా బిళ్ళలు, ముగ్గురం కలిసి సేసేం. ఆయనొక్కడి మీద పెట్టకు.

డాక్టరమ్మ ఇంకో మాట సెప్పింది, ఈయన నీకు రాయలేదు. గుండె మెలి తిరగడం ఒక్కటే కాదంట. పిండేక సటుక్కున మెలి ఇప్పుకోవాలంట. అలా ఇప్పుకుంటేనే మళ్ళీ రగతం లోపలికి వత్తాదంట. నాకు అదీ నెమ్మదిగానే ఉందంట. మీరిద్దరూ సెరో కొసా పట్టుకుని ఎవరి పక్కకి ఆళ్ళు బిగించేత్తన్నారు. మద్దిలో ఉన్న దుప్పటిని నేను. కొంచెం ఇప్పండి. ఊపిరాడతాది.

సీర బాగుంది. కుంకం మరకలయ్యేయి, ఉతికితే పోతాయి."

ఇంతే చెప్పింది. పడుకుంది.

కనకరాజు

*

జయపురం,
5 ఏప్రిల్

బావా,

నానాజీ పెసరట్లు తెచ్చేడు. చల్లారిపోయేయి. అయినా తిన్నాను. అల్లం అమ్మ వేసినట్టే వేసింది.

లక్ష్మి చెప్పిన దుప్పటి మాట మళ్ళీ మళ్ళీ చదివేను. ఘటం ఎత్తించమన్నది నేనే. ఆ తప్పు నీ ఉత్తరంలో నువ్వు ఒక్కసారి కూడా ఎత్తిచూపలేదు. చూపితే నాకు సులువయ్యేది, నీతో దెబ్బలాడుకునేవాణ్ణి.

విప్పేను. నువ్వూ విప్పు.

బిళ్ళలు నువ్వే చేత్తో ఇయ్యి. అది నాలిక కింద దాచి ఊసేస్తుంది, చిన్నప్పట్నించీ అలవాటు.

జగదీశు

*

అనకాపల్లి,
12 అక్టోబరు

జగదీశు బావకి,

మళ్ళీ ఆలస్యం. నెలరోజుల్నించి ఏ వార్తా రాయలేదని నువ్వు సుమశ్రీకి కబురు పెట్టేవట. పరీక్ష అయ్యేక ఒకేసారి రాద్దామని ఆగేను. మళ్ళీ తొందరపడి మిఠాయి కొంటానేమోనని నా మీద నాకే నమ్మకం లేదు.

నిన్న మళ్ళీ ఆ చీకటి గదికెళ్ళేం. అదే అమ్మాయి, అదే చల్లటి జిగురు. ఈసారి తెర వంకే చూస్తూ కూర్చున్నాను. తెల్లటి చుక్కలు అటు కదిలితే నేనూ కుర్చీలో అటు ఒరిగేనట, ఇటు కదిలితే ఇటు. ఆ అమ్మాయి, "అంకుల్, గుండె ఆవిడది, మీరు తిరగక్కర్లేదు," అంది.

రిపోర్టు నేను తెరవలేదు. డాక్టరమ్మ చేతిలో పెట్టి ముందే అడిగేను: "అమ్మా, ఇది ఎక్కువుండాలా తక్కువుండాలా? అది చెప్పి అప్పుడు చదవండి."

ఆవిడ నవ్వింది. "పెరగాలి. పెరిగింది. పూర్తిగా కాదు గాని బాగా పెరిగింది. విప్పుకోడం కూడా చురుగ్గా అయింది. మందులు మానకండి," అంది.

బావా, బయటికొచ్చి మెట్లమీద కూర్చుండిపోయేను. ఏడవలేదు, కళ్ళద్దాలు తుడుచుకున్నాను అంతే. మీ చెల్లి మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి నా దగ్గరకొచ్చింది. ఎక్కింది బావా, ఆగకుండా. "లే, బస్సెళ్ళిపోద్ది," అంది.

మీ చెల్లిని మాత్రం ఇంకా బరువులు ముట్టుకోవద్దన్నారు. కనక ఆదివారం దుప్పట్లు నేనొక్కణ్ణే. ఒక కొస కిటికీ చువ్వకి కట్టి రెండోది నేను తిప్పుతున్నాను. కిటికీ మనలా ఎదురు తిప్పదు గదా, నీళ్ళు సగమే దిగుతాయి. మొన్న బలంగా తిప్పితే చువ్వ ఊడొచ్చింది. మీ చెల్లి కుర్చీలో కూర్చుని, "మా అన్నయ్య ఉంటేనా," అంది. చాలా రోజుల తరవాత పడీపడీ నవ్వింది.

మళ్ళీ సీజను మొదలవకముందే ఒక ఆదివారం చూసుకో. చుట్టాలెవర్నీ పిలవను. నీ చెవి దగ్గర ఎవరూ అరవరు. దుప్పటి పిండడానికి చెవులక్కర్లేదు బావా. నేనటు తిప్పితే నువ్విటు తిప్పు, నేనెంత బిగించేనో నీ చేతికే తెలుస్తాది. చిన్నప్పుడు మీ చెల్లితో తిప్పినట్టు నాతో ఒకే పక్కకి మాత్రం తిప్పకు, చూడ్డానికి మీ చెల్లి ఎదురుగా కూర్చుని ఉంటాది.

రెండో కొస ఖాళీగా ఉంది. ఎప్పుడొస్తావు?

నీ బావ,
కనకం